లైఫ్‌బోటులో కాపురం

"ఆ కెటిల్ అక్కడ పెట్టు ముసలాడా! కాఫీకి కాచిన నీళ్ళవి!"

వంటవాడు గుట్టోర్మ్ వంటగది గుమ్మంలో నిలబడి అరిచాడు.

ముసలాయన వినిపించుకుంటేగా! పొగలు కక్కే కెటిల్ పట్టుకుని, మంచు పేరుకున్న డెక్ మీద జారుతూ తూలుతూ లైఫ్‌బోటు దగ్గరికి పోయాడు.

"ఎక్కాడురా మళ్ళీ! ఏకంగా కాపురమే పెట్టేశాడు అందులో."

అందరూ పగలబడి నవ్వారు.

నవ్వక ఏం చేస్తారు పాపం? ఓడ కడుపునిండా విమానాల పెట్రోలు. నీళ్ళకింద జర్మన్ జలాంతర్గాములు. ఇల్లు చేరదామంటే నార్వే మొత్తం ఆ జర్మన్ల గుప్పిట్లోనే ఉంది.

కెనడాలో హాలిఫాక్స్ రేవులో ఒకడు జబ్బుపడి దిగిపోతే వాడి బదులు ఎక్కాడు ఈ హల్వోర్. పేరు తప్ప ఇంకో ముక్క చెప్పలేదు. పని దిగాడంటే లైఫ్‌బోటే. తిండి అందులో, నిద్ర అందులో. తాళ్ళకు పట్టిన మంచును సుత్తితో కొట్టి రాల్చేవాడు. కప్పీల మీద వేడినీళ్ళు పోసి, తుడిచి, కొవ్వు పట్టించేవాడు. తెల్లారేసరికి మళ్ళీ మంచు. మళ్ళీ సుత్తి.

"చావంటే అంత భయమైతే ఊళ్ళో గొర్రెలు కాసుకోవచ్చుగా తాతా!" అనేవాడు గుట్టోర్మ్.

ఒకరోజు బోసన్ ఐలెర్ట్ కంటపడింది సంగతి. డెక్ మీద పనివాళ్ళందరికీ అతనే పెద్ద.

"ఈ తాళ్ళు ఎవడు మార్చాడు?"

"నేనే," అన్నాడు హల్వోర్. "పడవ దించాలంటే ముందొకడు, వెనకొకడు పైనే ఉండిపోవాలి. ఇప్పుడు రెండు తాళ్ళూ ఒక్కచోటికే వస్తాయి. ఒక్కడు చాలు."

"ఓహో! ఒక్కడివే దించుకుని ఉడాయిద్దామనా?"

ముసలాయన సుత్తి తీసుకుని మళ్ళీ మంచు కొట్టసాగాడు.

ఐలెర్ట్‌కి ఒళ్ళు మండిపోయింది. "నీలాంటి పిరికివెధవే మా తమ్ముణ్ణి పొట్టన పెట్టుకున్నాడు. హావ్‌టెర్నె అనే ఓడ పేరు విన్నావా? అది తగలబడినప్పుడు లైఫ్‌బోటు తాళ్ళు గడ్డకట్టి కిందికి దిగనే లేదట. అందరూ పైనే మాడిపోయారు. కెప్టెన్ మాత్రం శుభ్రంగా బతికాడు! ఆ మహానుభావుడు ఒక్కసారి నా చేతికి దొరకాలి..."

హల్వోర్ సుత్తి ఆపాడు. "మీ అమ్మకి ఇక నువ్వొక్కడివేనా?"

"ఒక్కణ్ణే. ఎట్లాగైనా ఇల్లు చేరాలి నేను. నేనూ పోతే ఆవిడ ఎవరి మొహం చూసి బతకాలి?"

అంతలోనే మళ్ళీ కోపం ముంచుకొచ్చింది.

"ఇవాళ్టినుంచి నీ చోటు పడవలో కాదు. తాళ్ళ దగ్గర. అందరూ ఎక్కి, పడవ నీళ్ళలోకి దిగాకే నువ్వు. ఎట్లా పారిపోతావో నేనూ చూస్తాను!"

ఆ పని ఎవరికీ అక్కర్లేదు. తాడు పట్టినవాడు ఆఖరివాడు. ఆఖరివాడికి ఒక్కోసారి పడవ ఉండదు.

"మంచిది నాయనా," అన్నాడు హల్వోర్.

"మంచిదిట! వెటకారం కూడానూ!"

మర్నాడు మధ్యాహ్నం గుట్టోర్మ్ చేపల పులుసు వడ్డిస్తుండగా టార్పెడో తగిలింది.

ఓడ ముందు భాగం భగ్గుమంది. అటువైపు పడవ కళ్ళముందే కాలిపోయింది. మిగిలింది వెనక ఉన్న హల్వోర్ పడవ ఒక్కటే. అందరూ అటే పరుగు. పేలుడు విసురుకి ఐలెర్ట్ ఎగిరి ఇనుప స్తంభానికి కొట్టుకున్నాడు. కాలు విరిగింది. లేవబోయాడు, లేవలేకపోయాడు.

అయిపోయింది, అమ్మకి ఎవరూ మిగల్లేదు అనుకున్నాడు.

రెండు చేతులు అతని చంకలకింద పట్టి బరబరా ఈడ్చాయి. హల్వోర్! లేపి పడవలోకి పడేశాడు.

"నువ్వూ ఎక్కు పెద్దాయనా! ఎక్కు!"

"కూర్చో! అందరూ కూర్చోండి!"

ఆ గొంతు ఎప్పుడూ విన్నది కాదు. ఎవరూ మారుమాట్లాడలేదు. కూర్చున్నారు.

తాళ్ళు సర్రున జారాయి. ఒక్క చోట కూడా పట్టలేదు. పడవ నీళ్ళలో వాలింది.

"దూకు హల్వోర్! దూకు!"

పైనుంచి కేక వినిపించింది. "తెడ్లు వెయ్యండి! పెట్రోలు నీళ్ళమీదికి వస్తోంది! ఆగారంటే అందరూ పోతారు!"

ఆ తర్వాత డెక్ కనబడలేదు. అంతా మంటే.

"వెనక్కి తిప్పండిరా!" ఐలెర్ట్ ఏడుస్తూ అరిచాడు.

"తిప్పితే మనమూ బూడిదే," అన్నాడు గుట్టోర్మ్, తెడ్డు లాగుతూనే. అతనూ ఏడుస్తున్నాడు.

వాళ్ళతో గుంపుగా వస్తున్న మిగతా ఓడలు పక్కనుంచే సాగిపోయాయి. గుంపులో ఏ ఓడా ఆగకూడదని కట్టడి. చిట్టచివర వచ్చే రక్షణ ఓడ మాత్రం ఆగి వాళ్ళను పైకి తీసుకుంది.

అందులో గాయాలకు కట్లు కట్టే క్లెమెట్ కూడా నార్వేవాడే. ఐలెర్ట్ కాలికి చెక్కలు కడుతూ అడిగాడు.

"ఈ చలిలో పడవ ఎట్లా దిగిందయ్యా? తాళ్ళు గడ్డకట్టలేదూ?"

"ఒక ముసలాయన కట్టనివ్వలేదు. పిరికివాడన్నాం ఆయన్ని. నేనే అన్నాను. హల్వోర్ అని, హాలిఫాక్స్‌లో ఎక్కాడు."

క్లెమెట్ చెయ్యి ఆగిపోయింది.

"తెల్లగడ్డం, బక్కపల్చటి మనిషి?"

"అవును. నీకెట్లా తెలుసు?"

"పోయిన చలికాలం ఆయన్ని నీళ్ళలోంచి లాగింది మేమే. ఇంకో పెద్ద ఓడ ఇస్తాం రమ్మని కంపెనీవాళ్ళు పిలిచినా పోలేదు. పోయిన తన మనుషుల ఇళ్ళ గురించే అందర్నీ అడుగుతుండేవాడు. వాళ్ళలో ఒకడి అన్న ఏదో పెట్రోలు ట్యాంకర్లో బోసన్ అని తెలిసింది. మామూలు పనివాడిగానైనా సరే, ఆ ఓడే ఎక్కుతానని హాలిఫాక్స్‌లో కాచుక్కూర్చున్నాడు."

ఐలెర్ట్ అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "ఎవరాయన?"

"హావ్‌టెర్నె కెప్టెన్ కదయ్యా," అన్నాడు క్లెమెట్.