బండ మీద కంబళి

“వాని చేతిలో గొడ్డలి ఉండిందని చెప్పు, చాలు. పొద్దుగూకే లోపల ఇల్లు చేరతావు” అన్నాడు ఇన్‌స్పెక్టరు, గిద్దలూరు బంగళా వరండాలో అంకయ్యను స్తంభానికి ఆనించి నిలబెట్టి.

“గొడ్డలి కాదు సామీ, గొర్రెపిల్ల. అప్పుడే పుట్టిన పిల్ల. నా కండ్లు ఇంకా పోలేదు.”

“పోతాయిలే” అని ఇన్‌స్పెక్టరు లోపలికి వెళ్ళాడు.

చిరుతను కర్రతో అదిలించిన అంకయ్యకు కూడా ఖాకీ బట్టలంటే భయం వేరే. కానీ మెట్ల కింద కాటమరాజు తల్లి వీరమ్మ కూర్చుని ఉంది. పోలీసులు కొడుకును కాల్చి చంపిన నాటి నుంచి, ఎనిమిది రోజులుగా ఆమె అడుగుతున్నది ఒక్కటే.

“నా కొడుకు గొడ్డలి ఎత్తలేదు, ఎవరి మీదికీ పోలేదు అని ఆ విచారణ కాయితంలో రాయించు అన్నా. వాడు ఎట్లాగూ తిరిగి రాడు. వాని పేరన్నా మంచిగా మిగలనీ.”

కాల్పులు కళ్ళారా చూసి, చెప్పడానికి ముందుకు వచ్చినవాడు అంకయ్య ఒక్కడే మరి.

పక్కనే ఉన్న చెంచయ్య అతని భుజం తట్టాడు. ఆయన గొల్లల్లో పెద్దమనిషి, అంకయ్యకు మేనమామ. అడవి మనది, మేపుకు పుల్లరి పన్ను కట్టొద్దని ఊరూరా తిరిగి చెప్పిందీ ఆయనే.

“భయపడొద్దురా అల్లుడా. చూసింది చూసినట్టు చెప్పు. కంబళి మాట ఒక్కటి ఎత్తొద్దు.”

“ఎత్తను మామా.”

“గంగమ్మ మీద ఒట్టెయ్యి.”

వేశాడు. అడగకపోయినా వేసేవాడే.

కంబళి సంగతి గొల్లవాళ్ళకు తప్ప పురుగుకు కూడా తెలియదు. కొండ అంచున బండ మీద ఒకడు కాపు కూర్చుంటాడు. పోలీసులు గానీ ఫారెస్టు గార్డులు గానీ ఉంటే కంబళి భుజాన వేసుకుంటాడు. లేకపోతే బండ మీద పరుస్తాడు. పరిచిన కంబళిని చూసి కింద మందలు అడవిలోకి కదులుతాయి. ఆ గుట్టు రట్టయితే మూడూళ్ళ గొర్రెలు మేత లేక చస్తాయి.

కాల్పులు జరిగిన రోజు కాపు అంకయ్యది. తెల్లవారగానే చెంచయ్య బండ దాకా ఎక్కివచ్చి, “పోలీసులు కొమరోలు పోయినారు, పరువు” అన్నాడు. అంకయ్య పరిచాడు. చెంచయ్య మందకు గాలికుంటు రోగం తగిలి దొడ్లోనే ఉండిపోయింది కాబట్టి, అందరికంటే ముందు కాటమరాజు మంద బండ కింది వాగు వైపు కదిలింది. పాపం, మామకు ఆ తప్పుడు కబురు ఏ నీచుడు చెప్పాడో అని అంకయ్య ఈ ఎనిమిది రోజులూ పళ్ళు కొరుకుతూనే ఉన్నాడు.

లోపల, కాల్పుల మీద విచారణకు వచ్చిన డిప్యూటీ కలెక్టరు దేవుని పేర ప్రమాణం చేయించాడు. నోరు విప్పాక అంకయ్య ఇక ఆగలేదు.

“వాగు దగ్గర గొర్రె ఈనింది దొరా. కాటమరాజు పిల్లను ఎత్తుకున్నాడు. పొదల్లో నుంచి పోలీసులు లేచినారు. ఆగు అని కూడా అనలేదు, కాల్చినారు. రెండు చేతుల్తో పిల్లను పట్టుకున్నోడు గొడ్డలి ఏ చేత్తో పడతాడు దొరా?”

డిప్యూటీ కలెక్టరు రాస్తున్న కలం ఆగింది. ఆయన ఇన్‌స్పెక్టరు వంక అదోలా చూశాడు. కిటికీ అవతల వీరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు వింటే అంకయ్యకు ప్రాణం లేచివచ్చింది. గెలిచామనుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు తాపీగా లేచాడు. “ఒక్క ప్రశ్న. మందలు అడవిలోకి రావడానికి ఎవరైనా సైగ చేశారా?”

ఒక ప్రమాణం దేవుని పేర, ఒక ఒట్టు గంగమ్మ పేర. దేవుడు ఎక్కడో ఉన్నాడు. గంగమ్మ మందలోనే ఉంది.

“లేదు సామీ. గొర్రెలు వాటంతట అవే పోయినాయి.”

“బండ మీద కంబళి పరిస్తే రమ్మని గుర్తు కాదూ? ఆ రోజు పరిచింది నువ్వు కాదూ?”

అంకయ్య భుజం మీది కంబళి కొసను తెలియకుండానే గుప్పిట్లో దాచుకున్నాడు. డిప్యూటీ కలెక్టరు అది చూశాడు.

“ప్రమాణం చేసి ఒక అబద్ధం ఆడినవాడివి, మిగతాదంతా నిజమని ఎట్లా నమ్మేది?” అంటూ ఆయన అప్పటిదాకా రాసిన కాగితం మీద అడ్డంగా గీత గీశాడు.

“దొరా! పిల్ల మాట నిజం! కంబళి మాట ఒక్కటే...”

“చాలు.”

బయట వీరమ్మ ఏడుపు ఆగిపోయింది. అంకయ్య కిటికీ వైపు చూడలేకపోయాడు. చేతులారా ఆమె కొడుకును ఇంకోసారి చంపినట్టయింది.

“ఇంతకీ ఈ కంబళి సంగతికి మీ దగ్గర సాక్షి ఉన్నాడా?” అన్నాడు డిప్యూటీ కలెక్టరు.

“ఉన్నాడండీ. వీళ్ళవాడే.”

కుల గుట్టు అమ్ముకున్న ఆ ద్రోహి ఎవడో గానీ, మామ వాణ్ణి ప్రాణాలతో వదలడు అనుకుంటూ అంకయ్య వాకిలి వైపు తిరిగాడు.

చెంచయ్య చెప్పులు గుమ్మం బయట విడిచి, దొరకు వంగి దండం పెట్టి, లోపలికి వచ్చాడు.