గిన్నె పక్క పొలం

"ఇవాళ మీ గిన్నె ఎన్నింటి దాకా వింటుంది, నాయనా?"

గుమ్మంలో ఫెమ్మీ నిలబడి ఉంది. చెక్కజోళ్ల నిండా బురద.

సీట్సెకు విసుగొచ్చింది. పక్క పొలం ముసలావిడ. ఏప్రిల్ నుంచి రోజూ ఇదే ప్రశ్న.

"నాలుగింటి దాకా. అయినా నీకెందుకవ్వా? పైన చుట్టాలున్నారా?"

"మా ఆయన ఉన్నాడుగా," అంటూ ఆమె వెళ్లిపోయింది.

కిటికీలోంచి చూసి లుబ్బర్ట్ నవ్వాడు. యాంటెన్నా తిప్పే పని అతనిది.

"ఊసుపోక వస్తుంది లేరా. ఆవుల వెనకాలే వానలో ఎలా నానుతోందో చూడు. చాదస్తం ముదిరింది."

ఎంత మంచి రోజులవి. డ్రెంటె ప్రాంతపు పచ్చికబయళ్లలో నిలబెట్టిన ఆ రేడియో టెలిస్కోపును ఊరంతా గిన్నె అనేవారు. నక్షత్రాల నడుమ ఖాళీలోనూ అయస్కాంత క్షేత్రం ఉంటుంది. అక్కడి నుంచి వచ్చే రేడియో అలలు ఏ వైపుకు వాలి ఊగుతున్నాయో కొలిస్తే దాని జాడ దొరుకుతుంది. లుబ్బర్ట్ యాంటెన్నాను కొంచెం కొంచెంగా తిప్పేవాడు. సీట్సె ఆ వాలు చూసి, పటం మీద చేత్తో చిన్న గీత గీసేవాడు.

అలా పటమంతా నిండి, ఒక్క గడి మిగిలింది. అక్టోబరు దాటితే గిన్నె వేరేవాళ్లది. ఆ గడి నిండకపోతే సీట్సె డాక్టరేట్ గల్లంతే.

సోమవారం ఫెమ్మీ రాలేదు. పీడ వదిలిందనుకున్నాడు.

మర్నాడు యంత్రం కాగితం మీద గీసే గీత గంతులేసింది. సెకనుకొక గంతు.

తీగలు మార్చారు. యాంటెన్నా విప్పి బిగించారు. మూడు రోజులైనా గంతులు ఆగలేదు. చివరికి లుబ్బర్ట్ చిన్న రేడియో చేతబట్టుకుని, అందులో టిక్కుటిక్కుమనే చప్పుడు ఎటు పెరిగితే అటు నడిచాడు. వెనకే సీట్సె.

ఆ చప్పుడు ఫెమ్మీ పొలం దగ్గరే అన్నిటికంటే గట్టిగా వినబడింది. ఆవుల చుట్టూ సెకనుకోసారి షాక్ కొట్టే కరెంటు కంచె ఉంది. పక్కనే ఆమె మేనల్లుడు హార్మ్ పైపు కాల్చుకుంటున్నాడు.

"ఈ కంచె ఎప్పుడు పెట్టారు?"

"ఏప్రిల్లో. మీ గిన్నె వింటున్నంతసేపూ అత్త కరెంటు ఆపేసి, ఆవుల్ని తనే కాసేది. మొన్న సోమవారం పోయింది. నాకంత ఓపిక లేదు బాబూ."



"ఎందుకలా చేసేదట?" అని లుబ్బర్ట్ అడిగాడు.

హార్మ్ వెళ్లి స్విచ్ ఆపి వచ్చాడు. ఆ వారమే గడి నిండింది, తర్వాత డాక్టరేటూ వచ్చింది. కానీ నలభై ఏళ్లయినా, ఆ రోజు హార్మ్ చెప్పిన జవాబు తలుచుకుంటే సీట్సెకు కళ్లు చెమరుస్తాయి.

"'కంచెకు కరెంటు వేస్తే మన రేడియోలో పాటే వినబడదు, పాపం ఆ అబ్బాయికి నక్షత్రాలేం వినబడతాయిరా' అనేది."