చావు తప్పిన రోజు

మిక్సీలో కొబ్బరి పచ్చడి గిర్రున తిరుగుతోంది. తలుపేసుకుని ఏం చేస్తున్నారని కనకదుర్గ మొగుణ్ణి అడిగింది. "ఆన్‌లైన్ షూటర్" అన్నాడు గౌరీశంకర్. ఆవిడకి "ఆన్‌లైన్ ట్యూటర్" అని వినిపించింది.

తప్పు మిక్సీది. దిద్దకపోవడం మాత్రం గౌరీశంకర్‌ది.

దిద్దుదామనే నోరు తెరిచాడు. అప్పటికే ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. పాత బస్టాండు దగ్గర అతని జిరాక్సు కొట్టు మూతపడి ఏడాది. కొట్టుతో పాటు మొగుడి పేరు కూడా వీధిలో కొట్టివేతకి గురైంది. ఆ ఏడాదంతా ఆవిడ తల వంచుకునే నడిచింది. ఇప్పుడా తల లేచింది. లేచిన తలని మళ్ళీ వంచడానికి అతనికి చేతులు రాలేదు.

సాయంత్రానికల్లా సగం చోడవరానికి తెలిసిపోయింది. మిగతా సగానికి, వినాయకుడి గుడికి వెళ్ళొస్తూ ఆవిడే చెప్పింది.

గౌరీశంకర్‌కి ఆ ఆట కొత్త కాదు. వేసవిలో నాలుగు రోజులు ఆడి, దణ్ణం పెట్టి వదిలేశాడు. చూడ్డానికి మాత్రం వంక పెట్టలేం. మంచు విడుతున్న కొండలు చూస్తే చీడికాడ వైపు వెళ్ళినట్టుంటుంది. వాన పడితే తెర తుడవాలనిపిస్తుంది. గడ్డిపోచ మీద నీటిబొట్టు కూడా మెరుస్తుంది. దాన్ని చూసి మురిసేలోపు తూటా వచ్చి తగులుతుంది. కంటికి విందు, ఒంటికి మందు. తుపాకీ మందు!

ఆ ఆటలో తూకం లేదు. కొందరి చేతుల్లో బంగారు తుపాకులు. గోడచాటున దాక్కుంటే గోడతో సహా లేపేస్తాయి. గౌరీశంకర్ చేతిలో ఉన్నది తుపాకీ కాదు, తుప్పాకీ. దాంతో పేలిస్తే అవతలివాడికి కలిగేది గాయం కాదు, జాలి.

అయినా వానలు తగ్గాక, ఇంకెక్కడా దారి దొరక్క, ఆ ఆటకే ఇంకో అవకాశం ఇచ్చాడు.

పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. మధ్యాహ్నం అన్నానికి లేచేవాడు. మళ్ళీ చీకటి పడేదాకా అదే కుర్చీ. కనకదుర్గ తలుపు బయట మజ్జిగ గ్లాసు పెట్టి, పాఠం చెడుతుందని మునివేళ్ళ మీద వెళ్ళిపోయేది.

లోపల మేష్టారు చస్తూ ఉండేవాడు. మేడ మీద చచ్చాడు. వంతెన కింద చచ్చాడు. చెట్టుచాటున చచ్చి, బతికి, అదే చెట్టు దగ్గర మళ్ళీ చచ్చాడు. చంపినవాడు శవం చుట్టూ డాన్సు చేస్తాడు. అదీ ఎంత అందంగా ఉంటుందో! అతను ఆట ఆడుతున్నాడనడం కంటే ఆటే అతన్ని ఆడుకుంటోందనడం న్యాయం.

ఆశలన్నీ వదిలేసుకున్నాడు, ఒక్కటి తప్ప. ఒకే ఒక్కసారి ఆ బంగారు బాబుల్లో ఒకణ్ణి పడగొట్టాలి. అలా అనుకుని, వెంటనే తనే నవ్వుకునేవాడు. ఆ నవ్వులో పస లేదు.

ఓ మధ్యాహ్నం పక్కింటి దేముడమ్మ వచ్చింది. మనవరాలికి లెక్కలు చెప్పించాలట.

"జీతం బాగా ఇస్తన్నారేటే?"

"ఇంకా నెల నిండందే, అప్పుడే ఏటి పిన్నీ!"

"పాఠం సెప్తుంటే ఓపాలి సూడాలే. మీ మేష్టారు పిల్లల్ని కొడతాడేటి?"

"సీమని కూడా కొట్టరు పిన్నీ. రా, సూద్దువు గానీ."

ఇద్దరూ నెమ్మదిగా తలుపు తోశారు.

తెర మీద వాన. గోడ పక్కన తుప్పాకీ పట్టుకుని ఓ సైనికుడు. వాడి వెనక నుంచి బంగారు తుపాకీతో ఇంకొకడు పిల్లిలా వస్తున్నాడు.

"ఓరి నా బాబూ! ఎనకాల! ఎనకాల సూడు!" దేముడమ్మ గావుకేక పెట్టింది.

గౌరీశంకర్ అదిరిపడ్డాడు. చెయ్యి దానంతటదే తిరిగింది. వేలు దానంతటదే నొక్కింది. తుప్పాకీ పేలింది. బంగారు బాబు బురదలో బోర్లా పడ్డాడు. తెర నిండా రంగులు కురిశాయి.

గౌరీశంకర్ కుర్చీలోంచి గెంతాడు. గెంతినవాడు వెనక్కి తిరిగాడు. మొహంలో నవ్వు మొహంలోనే చచ్చింది.

"ఇదేటి లెక్క బాబూ, తీసివేతా?" అంది దేముడమ్మ.

ఆవిడ కేకకి వీధి వీధంతా గుమ్మంలోకి వచ్చేసింది. ఇంక దాచడానికి ఏమీ లేదు. గౌరీశంకర్ అందరికీ వినపడేలా చెప్పాడు.

"ట్యూటర్ కాదే, షూటర్. ఆ రోజు మిక్సీ గోలలో నీకలా ఇనపడింది. నువ్వు సంతోషపడ్డావని చెప్పలేకపోయేను."

వీధి ఘొల్లుమంది. కనకదుర్గ నవ్వలేదు, తిట్టలేదు. వంగి ఖాళీ మజ్జిగ గ్లాసు తీసుకుంది.

"అయితే ఇన్నాళ్ళూ ఆడుకుంటన్నారన్నమాట."

"అది కాదే, నే చెప్పేది పూర్తిగా..."

ఫోను మోగింది. కంగారులో వేలు స్పీకరు మీద పడింది.

"గౌరీశంకర్ గారూ, బంగారు తుపాకులు కొన్న కస్టమర్ల చేతిలో చావడానికి కదండీ మేం మీకు ఉద్యోగం ఇచ్చింది, రేపట్నుంచి లాగిన్ అవ్వకండి."