ఉప్పు చారలు

“నిన్న మ్యాచ్ ఆడానన్నావు. మరి జెర్సీ మీద ఉప్పేదిరా?” అని అడిగాను.

ప్రాక్టీసుకు బయల్దేరుతూ బూట్లు వేసుకుంటున్న మా అబ్బాయి ఆగిపోయాడు. వాడికి బాస్కెట్‌బాలే ఉద్యోగం. పన్నెండేళ్లుగా వాడి నల్ల జెర్సీ నేనే ఉతుకుతున్నాను. ఆడిన రోజున తడి జెర్సీ తెచ్చి కుర్చీ మీద వేస్తాడు. పొద్దుటికి ఆరి, వీపు మీద తెల్లగా చెమట ఉప్పు చారలు కడుతుంది.

“నీకు చత్వారం ముదిరిందమ్మా.”

“మూడు వారాలుగా ఒక్క చారా లేదు. మీ నాన్న కూడా ఇలాగే డ్యూటీకని వెళ్లేవాడు. ఒకరోజు తిరిగి రాలేదు. నువ్వెవరింటికి పోతున్నావు? నన్నొదిలి ఎప్పుడెళ్తావో చెప్పేసెయ్.”

వాడు నవ్వబోయి మానేశాడు.

“స్టేడియానికేనమ్మా. మోకాలు పనికిరాదని కోచ్ బెంచీ మీదే కూర్చోబెడుతున్నాడు. వచ్చేముందు జెర్సీ కుళాయి కింద తడుపుతున్నా.”

“ఎందుకూ?”

“ఉతికేటప్పుడు ‘బాగా ఆడినట్టున్నావే’ అంటావుగా. అది వినాలని.”

“మరి ఈ సీజన్ అయ్యాక?”

“పంపించేస్తారు.”

“ఎక్కడికి?”

“ఎక్కడికేంటమ్మా, ఇంటికే.”

హమ్మయ్య అనుకున్నాను. ఆ తర్వాతే వాడి ముఖం చూశాను. రెండో బూటు ఒళ్లో పెట్టుకుని నేలకేసి చూస్తున్నాడు. నాకు సిగ్గేసింది.

ఆ జెర్సీని సబ్బునీళ్లలో ముంచి, చారలుండాల్సిన చోటల్లా గట్టిగా రుద్దాను.