మడుగు మీద మంచు

ఏకాంబరం కలం ఆనించాడో లేదో, ఏనుగు కాలు కరిగిపోయింది.

శ్రీకాళహస్తిలో ముప్పయ్యేళ్ళుగా కలంకారీ బొమ్మలు రాస్తున్న చెయ్యి అది. గీత వెంట్రుకవాసి పక్కకు పోదు. అలాంటిది ఈ గజేంద్రమోక్షం బొమ్మలో పైనున్న విష్ణుమూర్తి, గరుత్మంతుడు కుదురుగా వచ్చి, కింద మడుగు దగ్గరికొచ్చేసరికి నల్లరంగు గుడ్డలోకి పొగలా పాకింది. రంగు పాకకూడదనే కదా గుడ్డను కరక్కాయ కలిపిన ఎనుము పాలలో ముంచి ఆరేసేది. అంచు పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూశాడు. అడుగున మూరెడు మేర పాల జాడే లేదు. రెండు గోధుమరంగు వెంట్రుకలు మాత్రం ఉన్నాయి.

"దొరసానమ్మా, నీ కుక్క నా గుడ్డను నాకేసినాది" అని కేకేశాడు.

పెరటి గదిలోంచి జర్మనీ దొరసాని పరుగున వచ్చింది, వెనకే బ్రూనో. ఈ విద్య నేర్చుకోవాలని కుక్కతో సహా ఓడ దిగిన మనిషి. కుక్క ఉందని ఊళ్ళో తొమ్మిది ఇళ్ళవాళ్ళు తలుపేస్తే, ఏకాంబరం భార్య సిద్ధమ్మ గది ఇచ్చింది. ఇచ్చి ఊరుకోకుండా, కొత్తగా దిగేవాళ్ళు పాలు పొంగించాలని దగ్గరుండి పొంగించింది. పొయ్యి మీంచి కారిన పాలను బ్రూనో నేల మెరిసేలా నాకింది. ఎనుము పాల రుచి దానికి అంటుకున్నది ఆ రోజే.

"రేపు మద్రాసు అంగడాయన వస్తా ఉండాడు. నీ బొమ్మలు అందరి బొమ్మల మాదిరే ఉండాయి, ఇదే కడసారి అని పోయిన తూరే చెప్పినాడు. ఇప్పుడు ఇంకో గుడ్డ యాడ నుంచి తెచ్చేది? అది అట్ల పోనీ. కుక్క ఎంగిలి మీద దేవుణ్ణి రాస్తే నాకు పుట్టగతులుంటాయా?"

ఆ పాలు పిండేది మాత్రం దూడ నోరు పెట్టినాకే గదా అని సిద్ధమ్మ నసిగింది. ఏకాంబరం చెవిన పెట్టలేదు. ఇంకొక్కసారి కుక్క నాలుక గుడ్డకు తగిలితే గది ఖాళీ చెయ్యాల్సిందేనని తేల్చేశాడు. దొరసాని మొహం చిన్నబోయింది. పాపం, గుమ్మంలో ముగ్గు వెయ్యడం కూడా నేర్చేసుకుంది. ఇంకో ఇల్లు దొరకదని ఆమెకు తెలుసు.

"తప్పు అయిపోయినాది అన్నా. బ్రూనోకి నేను నేర్పిస్తా" అంది, సిద్ధమ్మ దగ్గర పట్టుకున్న తెలుగులో.

గత్యంతరం లేక ఏకాంబరం ఆ గుడ్డ మీదే బొమ్మ ముగించాడు. మర్నాడు మద్రాసు అంగడాయన దాన్ని ఎగాదిగా చూసి, ఔనూ కాదూ అనకుండా చుట్ట చుట్టుకుని పోయాడు. ఎంగిలి సంగతి ఏకాంబరమూ ఎత్తలేదు.

ఆ రోజు నుంచీ పెరట్లో బడి మొదలైంది. దొరసాని పాలగుడ్డను కుక్క ముక్కు ముందు ఆడించేది, వేలు చూపించి "వద్దు" అనేది. మూడు వారాలు తిరిగేసరికి బ్రూనో ఎంత బుద్ధి నేర్చిందంటే, తన చిప్పలో పోసిన పాలు కూడా ముట్టేది కాదు. చూడ్డానికి వీధివాళ్ళు వచ్చేవాళ్ళు.

అప్పుడొచ్చింది మద్రాసు నుంచి ఉత్తరం. మడుగు మీద తెల్లవారుజాము మంచు లేచినట్టు రాశారు, ఇలాంటి పనితనం ఇంకెవరి దగ్గరా చూడలేదు, ఇలాంటివే ఆరు కావాలి, మంచు లేనిది ఒక్కటి కూడా పంపొద్దు అని అంగడాయన రాశాడు. ఏకాంబరం దాన్ని వీధి వీధంతటికీ చదివి వినిపించాడు. ఆ మంచు ఎట్లా వచ్చిందని అడిగినవాళ్ళకు, ముప్పయ్యేండ్ల సాధన అని చెప్పాడు.

చెప్పినంత సులువుగా మంచు రాలేదు. తడిబట్టతో పాలు తుడిచి చూశాడు. రంగు వరదలా పారింది. కుంచెతో నీళ్ళద్దాడు, మరకలు కట్టింది. రెండు గుడ్డలు పాడయ్యాక మూడో గుడ్డ అంచు పట్టుకుని, ఎవరూ చూడకుండా పెరట్లో బ్రూనో ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఒక్క తూరి నాయనా. ఈ అంచు మటుకే."

బ్రూనో వాసన చూసింది. మొహం పక్కకు తిప్పుకుంది. అటు తిరిగి పెడితే ఇటు తిప్పుకుంది. చివరికి రెండు కాళ్ళ మధ్య మూతి పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఏకాంబరం తలెత్తేసరికి గుమ్మంలో దొరసాని, సిద్ధమ్మ నిలబడి ఉన్నారు. దొరసాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"పరీక్ష పెడతా ఉండావా అన్నా? ఇంక దాని ప్రాణం పోయినా నాకదు. మేము ఈడనే ఉండొచ్చు గదా?"

ఉండమ్మా అన్నాడు ఏకాంబరం. ఆరు బొమ్మలూ, వీధిలో చెప్పుకున్న సాధనా కళ్ళ ముందు తిరిగాయి. గుడ్డ భుజాన వేసుకుని లోపలికి నడిచాడు. పట్టపగలు తలుపేస్తావేంది అని సిద్ధమ్మ బయటి నుంచి అడిగింది.

"మంచు రాసేటప్పుడు ఎవురూ చూడగూడదు" అన్నాడు.

గడియ వేసి, కిటికీ మూసి, గజేంద్రుణ్ణి కాపాడిన స్వామికి ఒక దండం పెట్టుకుని, ఏకాంబరం మోకాళ్ళ మీద వంగి నాలుక చాపాడు.