బసవపున్నారావు గారి తోట

ఆ మనిషి చేతిలో సంచి చూడగానే బసవపున్నారావుకు ఒళ్ళు మండిపోయింది.

మామిడి కోతల రోజులొస్తే నూజివీడులో తోటలున్నవాళ్ళకు ఇదే గోల. కరెంటు లైన్‌మన్ నుంచి బ్యాంకు క్యాషియర్ దాకా అందరూ సంచులు పట్టుకుని దిగుతారు. రసాలు కావాలంటారు, పైసా మాత్రం తీయరు.

అసలే అతని మనసు బాగాలేదు.

బ్యాంకులో వేసుకున్న డబ్బు ఎక్కడిదో చెప్పమని ఇన్‌కమ్‌టాక్స్ నోటీసు వచ్చింది. మామిడితోట మీద వచ్చిందని రాసి పంపితే, అసలు తోటే ఉన్నట్టు లేదన్నారు. పట్టా ఇంకా పోయిన తండ్రి పేరు మీదే ఉంది. విజయవాడ ఆఫీసుకు వెళ్తే, ఇప్పుడంతా ఆన్‌లైనేనండీ, ఇక్కడ ఎవర్నీ కలవక్కర్లేదన్నారు.

మనిషి మొహం చూడకుండానే మనిషిని దొంగని చేస్తారా!

తోట ఉందని తేలకపోతే ఆ డబ్బులో ముప్పావు వంతు పన్నుకే పోతుందని ఆడిటర్ రవిచంద్ర చెప్పాడు. చూడ్డానికి ఎవరో ఒకరు వస్తారనీ, ఎప్పుడనేది చెప్పరనీ అన్నాడు.

అప్పట్నుంచి కారు చప్పుడైతే చాలు, బసవపున్నారావు తోట గేటు దగ్గరికి పరిగెడుతున్నాడు.

ఈ ఆదివారం వచ్చింది మాత్రం ఈ సంచి మనిషి. బస్సు దిగి నడిచొచ్చినట్టున్నాడు, చొక్కా చెమటతో తడిసిపోయింది.

“బసవపున్నారావు గారి తోట ఇదేనా అండీ?”

పేరు కూడా కనుక్కుని మరీ వచ్చాడు, మహానుభావుడు!

“కాదండీ.”

“ఇటువైపే అన్నారు మరి...”

“ఆయనకి తోటెక్కడుందండీ? ఎప్పుడో కొట్టించేశాడు.”

ఆ మనిషి మొహం వాడిపోయింది.

“నిజంగానా అండీ?”

“మీతో నాకు అబద్ధం దేనికండీ?”

“మరి ఈ తోట?”

“విజయవాడ షావుకారుది. నేను కాపలావాణ్ణి. కాయ మీద చెయ్యేస్తే నా ఉద్యోగం పోద్ది.”

ఆ మనిషి కాసేపు చెట్ల వంక చూశాడు. మంచినీళ్ళు అడిగి తాగాడు. దణ్ణం పెట్టి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

పాకలోంచి భార్య ప్రమీలారాణి బయటికి వచ్చింది.

“అదేంటండీ, పాపం ఆయన కాయలేం అడగలేదుగా?”

“అడగనిస్తేగా!”

బసవపున్నారావు పకపకా నవ్వాడు. నోటీసు వచ్చాక అతను నవ్వడం అదే మొదలు.

ఆ వారంలోనే రవిచంద్ర ఫోన్ చేశాడు. గొంతులో కోపం.

“తోట కొట్టించేశారా అండీ? నాకొక్క మాట చెప్పొద్దూ?”

“నేను కొట్టించడమేంటి? తోటలోనే నిలబడి మాట్లాడుతున్నా!”

“మరి ఇన్‌కమ్‌టాక్స్ ఇన్‌స్పెక్టర్ గారు చూడ్డానికి వస్తే, పక్క తోట కాపలావాడు అలాగే చెప్పాడటగా! రిపోర్టు పైకి వెళ్ళిపోయిందండీ. ఇక నేను చేయగలిగింది లేదు.”

ఆ మనిషికి నీళ్ళు ముంచిచ్చిన కుండ వంక చూశాడు బసవపున్నారావు.

“ఇన్‌స్పెక్టరా? ఆయన చేతిలో సంచి...”

“మీ కాగితాలే అయ్యుంటాయి. సెలవు రోజని కూడా చూడకుండా సొంత ఖర్చులతో వచ్చారండీ.”

“ఎందుకూ?”

“ఆ రైతు అబద్ధం చెప్పడని ఆ ఆఫీసు మొత్తంలో మీ తరఫున వాదించింది ఆయనొక్కరేనండీ.”