గడ్డపార చివర

జఫర్‌గఢ్ అవతల చెలకలో బండను దొర్లిస్తుంటే అది వెనక్కి జారి ఎల్లేశం కాలి మీద పడింది. కేక విని, బాటన పోతున్న అతని భార్య యశోద భుజాన సంచితోనే ఉరికొచ్చింది. దరిదాపుల్లో ఇంకో మనిషి లేడు.

ఆమె పక్కన పడి ఉన్న అతని గడ్డపార మొనను బండ కిందికి దూర్చి, ఊతానికి ఒక రాయి పెట్టి నొక్కింది. బండ కదల్లేదు.

“గంత దగ్గర పట్టకు,” పళ్లు బిగబట్టి అరిచాడు ఎల్లేశం. “చివర పట్టు. చివర పడితె జర బలానికే ఎంత బరువన్న లేస్తది.”

“నాకెరుకే,” అంది యశోద.

కుడిచేయి మాట వినలేదు. ఎడమచేత్తో చివర పట్టి, ఒళ్లంతా దాని మీద వేసింది. బండ బెత్తెడు లేచింది. అతను కాలు గుంజుకున్నాడు.

ఆమె ఫోన్ చేస్తే ఆటో వచ్చింది. ఎల్లేశాన్ని ఎక్కించి, కొంగు ముడి విప్పి ఇంటి తాళంచెవి అతని జేబులో వేసింది.

“నువ్వెక్కవా? దవాఖానకు నేనొక్కన్ని ఎట్ల పోవాలె?”

“నేను గార్లకు పోతున్న, మా అవ్వోళ్లింటికి. పొద్దుగాలనే బయలెల్లిన.”

ఎల్లేశం ఆటోలోంచి చేయి చాచి ఆమె కుడి మణికట్టు పట్టుకున్నాడు. నిన్న తాను అక్కడే పట్టి మెలిపెట్టిన ఆ చేయి మోచేతి దగ్గర ఇంకా వాచే ఉంది.

“చివర పట్టకు,” అంది యశోద. “నిన్న నీకు జర బలమే సరిపోయింది.”